పోటీ ముగిశాక పాట: నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకుల ప్రశ్నలు

టీవీ పాటల పోటీలకు ఎంపికలు జరుగుతున్నాయన్న మాట వినబడగానే ఈ శీర్షికకు ఉత్తరాల జోరు పెరుగుతుంది. ఈసారి వచ్చినవాటిలో ఒకే విషయం అడిగినవాటిని కలిపి, ఆరింటికి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. ఈమధ్య ఒక పోటీలో న్యాయనిర్ణేతలు "గొంతు బాగుంది, శ్రుతి తప్పలేదు, వైవిధ్యం మాత్రం లేదు" అని చెప్పి రెండో దశలోనే పంపించేశారు. అప్పటి నుంచి ఆ పిల్ల రోజుకొక గాయని గొంతును అనుకరిస్తూ సాధన చేస్తోంది. ఇది సరైన దారేనా?
– ఒక తల్లి, కావలి

జవాబు: సరైన దారి కాదమ్మా. అనుకరణ వల్ల చెవి పదునెక్కుతుంది గనుక ఆ శ్రమ పూర్తిగా వృథా అని అనను. అయితే ఒక పాట సుశీల గారిలాగా, ఒక పాట జానకి గారిలాగా, మరొకటి చిత్ర గారిలాగా పాడే అమ్మాయిని వింటే సభలోనివారు చప్పట్లు కొడతారు గానీ, సంగీత దర్శకుడికి "ఇంతకీ ఈ అమ్మాయి సొంత గొంతు ఏది?" అన్న సందేహం మిగిలిపోతుంది. అచ్చంగా ఆ గాయనుల గొంతే కావాలనుకుంటే ఆయన వారి చేతనే పాడించుకుంటాడు, లేదా వారి పాత పాటే వింటాడు.

న్యాయనిర్ణేతలు అడిగిన వైవిధ్యం ఏమిటో ఒక చిన్న మాట మీద చూపిస్తాను. "వాన వచ్చింది" అన్న రెండు పదాలు తీసుకోండి. జోలపాటలో అయితే "వా" మీద ఊపిరి ఎక్కువ, నాదం తక్కువ. "వచ్చింది"లోని ఒత్తు దాదాపు వినబడనంత మెత్తగా పోవాలి. మైకుకు దగ్గరగా నిలబడి పాడే యుగళగీతంలో "న" దగ్గర చిన్న జారు (ఒక స్వరం నుంచి మరొకదానికి జారడం), చివరి "ది"ని అక్కడే వదిలేయడం అందం. నాట్ల పాటలో అదే "చ్చిం" మీద ఛాతీ నుంచి దెబ్బ పడాలి, గమకం (స్వరాన్ని ఊపి పలికే తీరు) ఒక్కటి కూడా ఉండకూడదు, ఎందుకంటే మడిలో వంగి ఉన్న మనిషికి గమకం వేసే తీరిక ఉండదు. నాటక పద్యంలో అయితే అక్షరం అక్షరం విడివిడిగా చివరి వరుస దాకా వినబడి, ఆ తరువాత రాగం సాగాలి. ఈ నాలుగూ పాడినది మీ అమ్మాయే అని కళ్లు మూసుకుని విన్నవారికి కూడా తెలియాలి. ఊపిరి, అచ్చుల వెడల్పు, ఒత్తుల బలం, గమకాల మోతాదు మాత్రమే మారతాయి, గొంతు మారదు.

దీనికి ఉదాహరణ కోసం మన జిల్లా వాళ్లం ఎక్కడికీ వెళ్లనక్కరలేదు. బాలసుబ్రహ్మణ్యం గారు అల్లు రామలింగయ్య గారికి పాడినప్పుడు ఆ నటుడి మాట విరుపును, ముక్కుతో పలికే హాస్యాన్ని పాటలోకి తెచ్చేవారు. అయినా అది బాలు గారి పాటేనని మొదటి చరణం పూర్తయ్యేలోపల ఎవరికైనా తెలిసిపోయేది. ఆ విద్యకు ఆయన ఇంట్లోనే ఒక మూలం ఉందని నాకనిపిస్తుంది. తండ్రి సాంబమూర్తి గారు హరికథా భాగవతులు. హరికథకుడు ఒక్కడే వేదిక మీద నిలబడి రాజు, ముని, ఏడ్చే తల్లి, నవ్వించే విదూషకుడు అందరూ తానే అవుతాడు, వేషం మార్చుకునే వీలు లేదు గనుక అంతా గొంతుతోనే జరగాలి. చిన్నప్పటి నుంచి అది వింటూ పెరిగిన చెవికి పాత్రను బట్టి పలుకు మార్చడం వేరుగా నేర్చుకోవలసిన పాఠం కాదు. మీ ఊరి తిరునాళ్లలో ఇప్పటికీ హరికథో బుర్రకథో పెడుతుంటే అమ్మాయిని ముందు వరుసలో కూర్చోబెట్టండి. ఏ శిక్షణ శిబిరంలోనూ అంత చవకగా ఈ పాఠం దొరకదు.

సాధన విషయానికి వస్తే, ఆమెకు ఇప్పటికే బాగా వచ్చిన మెలోడీ పాటలను కొన్నాళ్లు పక్కన పెట్టమనండి. ఒక జానపదం, ఒక పద్యం, ఒక హుషారు పాట తీసుకుని ఒక్కొక్కదాని మీద కనీసం మూడు వారాలు ఉండాలి. రోజూ ఫోనులో రికార్డు చేసి మర్నాడు ఉదయం వినాలి, పాడిన వెంటనే వింటే మన తప్పు మనకు వినబడదు. మరొక సంగతి: ఆమె ఏ శ్రుతిలో పాడుతోందో ఉత్తరంలో రాయలేదు. చాలామంది అమ్మాయిలు కరోకే ట్రాకు (గొంతు లేని వాద్య సంగీతం) ఏ శ్రుతిలో దొరికితే ఆ శ్రుతిలోనే పాడేస్తారు. ఐదు శ్రుతి హాయిగా పలికే గొంతును అంతకంటే ఎత్తైన ఆరున్నరలోకి లాగితే పై స్థాయిలో కేక తప్ప భావం మిగలదు, విన్నవారికి అన్ని పాటలూ ఒకేలా వినబడతాయి. న్యాయనిర్ణేతలు వైవిధ్యం లేదన్నది ఇందువల్లే అయినా ఆశ్చర్యం లేదు. ట్రాకు శ్రుతిని అర స్వరం చొప్పున పైకీ కిందికీ జరిపే సౌకర్యం ఇప్పుడు ఫోనులోనే ఉంది, దాన్ని వాడుకోమనండి.

ప్రశ్న: మా బాబుకు పద్నాలుగేళ్లు. పోయిన ఏడాది దాకా పై స్థాయి పాటలు అవలీలగా పాడేవాడు. ఇప్పుడు గొంతు ఒక్కసారి సన్నగా, ఒక్కసారి బొంగురుగా వస్తోంది. వచ్చే నెలలో ఎంపికలు ఉన్నాయి. పంపించమంటారా?
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: పంపించవద్దు. మగపిల్లల్లో ఈ వయసులో స్వరపేటిక పెరిగి స్వరతంత్రులు పొడవుగా, మందంగా మారతాయి. గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఆ మార్పు కుదురుకోవడానికి ఒక్కొక్కరికి కొన్ని నెలలు, ఒక్కొక్కరికి ఏడాదికి పైగా పడుతుంది. ఈ సమయంలో పాత శ్రుతిలోనే పాడాలని పట్టుబట్టి అరిపించడం వల్ల పాడైపోయిన గొంతులు నా దగ్గరికి వచ్చాయి. వాటిని బాగుచేయడానికి పట్టిన కాలంలో ఒక కొత్త విద్యార్థికి వర్ణాలనే పెద్ద పాఠాల దాకా నేర్పి ఉండేవాణ్ని. పాట పూర్తిగా మానిపించనక్కరలేదు. శ్రుతి తగ్గించి, మధ్య స్థాయిలో సరళీ స్వరాలు (సంగీతంలో తొలి పాఠాలు) మెల్లగా పాడించండి, మిగిలిన సమయంలో హార్మోనియమో కీబోర్డో నేర్పించండి. పెద్దయ్యాక ఏ గొంతు వస్తుందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు; చెబుతామనేవారికి ఫీజు కట్టవద్దు.

ప్రశ్న: సినిమా పాటకు శాస్త్రీయ సంగీతం అవసరమా? బాలు గారు నేర్చుకోలేదు కదా అని మా అబ్బాయి వాదిస్తున్నాడు. నెల్లూరులోని ప్రభుత్వ సంగీత పాఠశాలలో చేర్చాలని నా కోరిక.
– ఒక ఉపాధ్యాయుడు, ఆత్మకూరు

జవాబు: మీ అబ్బాయి చెప్పినది సగం నిజం. బాలు గారు పద్ధతిగా గురువు దగ్గర కూర్చుని కర్ణాటక సంగీతం నేర్చుకోలేదన్నది వాస్తవమే. మిగిలిన సగం ఏమిటంటే, శంకరాభరణం పాటలు పాడవలసి వచ్చినప్పుడు కె.వి. మహదేవన్ గారి సహాయకుడు పుహళేంది గారు దగ్గరుండి ఒక్కొక్క సంగతి (పంక్తిని మార్చి మార్చి పాడే తీరు) నేర్పితే, ఆయన పట్టుదలగా నేర్చుకుని పాడారు. దానికే మొదటి జాతీయ పురస్కారం వచ్చింది. అంటే నేర్చుకోకుండా పాడారని కాదు, అవసరం వచ్చినప్పుడు ఆ వేగంతో నేర్చుకోగలిగారని అర్థం. అంతటి చెవి మీవాడికి ఉందో లేదో నాకు తెలియదు గానీ, లేని వారికి దారి సంగీత పాఠశాలే. ఘంటసాల గారు విజయనగరం సంగీత కళాశాలలో చదువుకోవడానికి వారాలు చేసుకుని తిన్నారు.

నెల్లూరు ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు 2020 నవంబరులో ప్రభుత్వం బాలసుబ్రహ్మణ్యం గారి పేరే పెట్టింది. మీవాడి వాదానికి అంతకంటే పెద్ద జవాబు ఎక్కడ దొరుకుతుంది? సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్లు. చేర్పించండి. కాకపోతే ఒక హెచ్చరిక: శాస్త్రీయం బాగా పట్టుబడ్డ పిల్లలకు సినిమా పాటలో కూడా ప్రతి దీర్ఘం మీదా గమకం వేసే అలవాటు అంటుకుంటుంది. సంగీత దర్శకుడు "ఇక్కడ నేరుగా నిలబెట్టు" అన్నప్పుడు నిలబెట్టలేకపోతే, నేర్చుకున్నదే అడ్డుగా మారుతుంది.

ప్రశ్న: మేము పొగాకు రైతులం. మా పెద్దమ్మాయి పాట కోసం ఇప్పటికే హైదరాబాదుకు మూడుసార్లు తిరిగాము. గెలిచినవారందరూ సినిమాల్లో స్థిరపడుతున్నారా? చదువు ఆపి ఒక ఏడాది పూర్తిగా దీనిమీదే పెట్టమంటారా?
– ఒక రైతు, టంగుటూరు

జవాబు: చదువు ఆపవద్దు. ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి.

1996లో ఈటీవీలో "పాడుతా తీయగా" మొదలైనప్పటి నుంచి ఇప్పటిదాకా తెలుగు టీవీ పోటీల నుంచి వచ్చి సినిమాల్లో నిలదొక్కుకున్నవారు ఉన్నారు; ఉష, మల్లికార్జున్, గోపికా పూర్ణిమ, హేమచంద్ర, కారుణ్య వంటి పేర్లు అందరికీ తెలిసినవే. హిందీ ఇండియన్ ఐడల్‌లో 2006లో కారుణ్య రెండో స్థానం తెచ్చుకుంటే, 2010లో అద్దంకి మూలాలున్న శ్రీరామచంద్ర, 2017లో రేవంత్ విజేతలయ్యారు. 2022లో ఆహా తెలుగు ఇండియన్ ఐడల్ మొదటి సీజన్‌లో గెలిచిన వాగ్దేవి మన నెల్లూరు అమ్మాయి.

ఈ పేర్లను పైపైన కాకుండా కొంచెం దగ్గరగా చూడండి. రేవంత్ 2015లోనే బాహుబలిలో పాడారు. ఆ తరువాతే ఇండియన్ ఐడల్ పోటీకి వెళ్లారు. సినిమాలో పాడినా జనానికి మనిషి ముఖం తెలియదు, టీవీలో పాడితే తెలుస్తుంది, ముఖం తెలిస్తే స్టేజీ కార్యక్రమాలు వస్తాయి. ఇక వాగ్దేవి గెలిచిన సీజన్‌కు వ్యాఖ్యాత ఎవరనుకున్నారు? శ్రీరామచంద్రే. దేశమంతా ఓట్లు వేసి గెలిపించిన గాయకుడు కూడా వ్యాఖ్యానం, నటన, కార్యక్రమాలు కలుపుకునే వృత్తి నడుపుతున్నాడు. దీన్ని నేను తక్కువ చేసి చెప్పడం లేదు, ఈ కాలంలో గాయకుడి వృత్తి ఇలాగే ఉంటుంది.

పాత రోజుల్లో ఒక సినిమాలోని పాటలన్నీ ఇద్దరు ముగ్గురే పాడేవారు. ఇప్పుడు ఆరు పాటలకు ఎనిమిదిమంది గాయకులు. అందువల్ల కొత్తవారికి మొదటి అవకాశం దొరకడం సులువైంది, పదో అవకాశం దొరకడం కష్టమైంది. ఇంకొక సంగతి బయటివారికి తెలియదు: మీ అమ్మాయి చేత పాడించిన పాట సినిమాలో ఆమె గొంతుతోనే వస్తుందన్న హామీ లేదు. బాణీ సిద్ధమవగానే ఒకరి చేత ట్రాకు పాడిస్తారు, అది నటుడికీ దర్శకుడికీ వినిపించడానికి. ఆ తరువాత ఇద్దరు ముగ్గురి చేత పాడించి చూసి ఒకరిని ఉంచుతారు. ట్రాకు బాగుందని అదే ఉంచేసిన సందర్భాలూ ఉన్నాయి గనుక ట్రాకు పాడే పనిని చిన్నచూపు చూడకూడదు. రోజూ అనుభవం వచ్చేది అక్కడే.

ఆ గదిలో ఏం జరుగుతుందో కూడా తెలుసుకోవాలి. పోటీలో ఒక పాటను వారం రోజులు సాధన చేసి పాడతారు. రికార్డింగులో సాహిత్యం కాగితం చేతికిచ్చి, బాణీ రెండు మూడుసార్లు వినిపించి, ఇరవై నిమిషాల్లో పాడమంటారు. నా దగ్గర నేర్చుకుని ఇప్పుడు కోరస్‌లు, ట్రాకులు పాడుతున్న ఒక అమ్మాయి తన కాగితాలు చూపించింది. ప్రతి పంక్తి మీదా పెన్సిలు గుర్తులు: ఊపిరి తీసుకునే చోట ఒక చిన్న గీత, జారు ఉన్నచోట వంపు, ఒత్తు తేల్చవలసిన అక్షరం చుట్టూ సున్నా. "ఈ గుర్తులు వేసుకోవడం వచ్చాకే నాకు రెండోసారి పిలుపు వచ్చింది మాస్టారూ" అంది. పోటీలో మార్కులు తెచ్చే హావభావాలకు అక్కడ విలువ లేదు; హెడ్‌ఫోన్స్‌లో తాళం టిక్కు టిక్కుమంటూ ఉంటే దానికి వెంట్రుకవాసి ముందూ వెనుకా పోకుండా, అదే పంక్తిని నాలుగు రకాల భావాలతో నాలుగుసార్లు పాడి ఇవ్వగలగాలి. శ్రుతి కాస్త అటూ ఇటూ అయితే సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది. నిర్జీవంగా పలికిన మాటను సరిచేసే సాఫ్ట్‌వేర్‌ను నేనింకా చూడలేదు.

మరి బతుకుతెరువు? స్టేజీ కార్యక్రమాలు, పెళ్లి సంగీత్‌లు, భక్తి పాటల ఆల్బమ్‌లు, వ్యాపార ప్రకటనలు, సీరియళ్ల శీర్షిక గీతాలు, డబ్బింగు సినిమాల పాటలు, ఎన్నికల ప్రచార గీతాలు, పిల్లలకు పాఠాలు. వీటన్నిటి మధ్య అప్పుడప్పుడు ఒక సినిమా పాట. నెలకు ఇంత అని రాని ఆదాయం ఇది, పొగాకు వేలంలో ధర లాంటిదేనని మీకు నేను చెప్పనక్కరలేదు. అందుకే డిగ్రీ పూర్తి చేయమంటున్నాను.

హైదరాబాదు ప్రయాణాలు కూడా తగ్గించుకోవచ్చు. ఇప్పుడు చాలా ట్రాకులు వాట్సాప్‌లోనే వస్తాయి. గాయకులు ఇంట్లో రికార్డు చేసి గొంతు ఫైలును తిరిగి పంపిస్తారు. ఒక మంచి మైకు, చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్స్ ఉంటే చాలు. నా శిష్యురాలు బట్టల బీరువా తలుపులు తెరిచి, చుట్టూ దుప్పట్లు వేలాడదీసుకుని పాడుతుంది. ఫ్యాను మాత్రం ఆపాలి, మే నెలలో మన జిల్లాలో అదే అసలు తపస్సు.

చివరగా భాష. ఒకే సినిమా ఐదు భాషల్లో విడుదలవుతున్న రోజులివి. బాలు గారి ఆరు జాతీయ పురస్కారాలు తెలుగు, హిందీ, కన్నడ, తమిళం, నాలుగు భాషల్లోని పాటలకు వచ్చాయి. నెల్లూరు వైపు పిల్లలకు తమిళం ఎంతో కొంత చెవిన పడే ఉంటుంది. టంగుటూరులో అది తక్కువ గనుక మీ అమ్మాయి చదవడం, రాయడం నేర్చుకుంటే మంచిది. వేరే భాషల్లోకి వెళ్లేముందు తెలుగులో ళ, ణ, ష అక్షరాలు తేటగా పలుకుతున్నాయో లేదో సరిచూసుకోవాలి. ఉత్తరాది నుంచి వచ్చి తెలుగు పాడే గాయకులను తప్పుబట్టే మనవాళ్లలో "కల్యాణం"లోని ణ పలకనివారు కోకొల్లలు.

ప్రశ్న: ఒకాయన డబ్బు కడితే సినిమాలో పాట ఇప్పిస్తానంటున్నాడు. అలాగే, పాడిన పాటకు తరువాత కూడా రాయల్టీ వస్తుందని విన్నాను, నిజమేనా?
– ఒక యువకుడు, కనిగిరి

జవాబు: మొదటిదానికి జవాబు ఒక్క మాట: కట్టవద్దు. పాడించుకునేవారు గాయకుడికి డబ్బు ఇవ్వాలి గానీ తీసుకోకూడదు. నా విద్యార్థి ఒకతను ఇలాంటి మనిషికే రెండు విడతలుగా కట్టాడు. పాట రికార్డు కూడా అయింది, సినిమా మాత్రం పోస్టరు దాటి రాలేదు.

రాయల్టీ నిజమే. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ ప్రకారం, సినిమా కోసం పాడినా, ఆ పాటను వాణిజ్యపరంగా వాడుకున్నప్పుడు ప్రదర్శకుడికి రాయల్టీ పొందే హక్కు ఉంది. ప్రదర్శకుల హక్కు యాభై ఏళ్లు ఉంటుంది. గాయకుల తరఫున వసూలు చేయడానికి 2013లో ఒక కాపీరైట్ సొసైటీ నమోదైంది. మొదటి పాట విడుదల కాగానే అందులో సభ్యత్వానికి దరఖాస్తు చేసుకోండి. రికార్డింగు గదిలో తొందరపెట్టి సంతకం పెట్టించే కాగితాన్ని చదవకుండా సంతకం చేయకండి, ఫోనులో ఒక ఫోటో అయినా తీసి ఉంచుకోండి. ఇప్పుడు ఆ కాగితంలో మరొకటి కూడా చూడాలి: మీ గొంతును కృత్రిమ మేధకు శిక్షణ ఇచ్చే ముడిసరుకుగా వాడుకుంటామన్న షరతు ఉందేమో. 2024లో అరిజిత్ సింగ్ గొంతును అలా అనుకరించే వేదికలను బొంబాయి హైకోర్టు అడ్డుకుంది. అంతటి గాయకుడే కోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది.

ప్రశ్న: నాకు ముప్పై నాలుగేళ్లు. పెళ్లి, పిల్లలతో పాట ఆగిపోయింది. పోటీల వయసు దాటింది. ఇంకేమైనా మిగిలి ఉందా మాస్టారూ?
– ఒక గృహిణి, నెల్లూరు

జవాబు: ఉందమ్మా. నేపథ్య గానంలో ముఖం కనబడదు, వయసూ కనబడదు. కోరస్‌కు, భక్తి పాటలకు, ప్రకటనలకు స్థిరపడిన గొంతులే కావాలి. ముందుగా నెల రోజులు ఉదయం మంద్ర స్థాయిలో (కింది స్వరాల్లో) "ఆ" అంటూ ఆకార సాధన చేసి గొంతును తిరిగి దారికి తెచ్చుకోండి. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే మిరియాల పాలతో సరిపెట్టుకోకుండా చెవి ముక్కు గొంతు వైద్యుడికి చూపించుకోండి.

ఆ తరువాత విజయవాడ ఆకాశవాణి లలిత సంగీత స్వర పరీక్షకు దరఖాస్తు చేయండి. బి, బి-హై, ఎ, టాప్ అని శ్రేణులు ఉంటాయి. బి శ్రేణి వచ్చినా రేడియో కళాకారిణి అన్న గుర్తింపు, పారితోషికంతో కూడిన రికార్డింగులు ఉంటాయి. అక్కడ సినిమా పాటలు పనికిరావు. మీకు వచ్చిన పాటలన్నీ సినిమావే అయితే, లలిత గీతాలు కొన్ని స్వరలిపితో సహా నా దగ్గర ఉన్నాయి. పత్రిక చిరునామాకు మీ శ్రుతి ఎంతో రాసి పంపితే, దానికి తగినవి ఎంచి పంపిస్తాను.